మొదటి నలభై రోజులు: కుండీలో పొట్టి హైబ్రిడ్ టమాటా

టమాటా గింజల పొట్లం వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. డిటర్మినేట్ అనో, ఇన్‌డిటర్మినేట్ అనో. ముందువైపు నిగనిగలాడే కాయల బొమ్మ చూసి పొట్లం కొనేవాళ్లలో చాలామంది ఆ మాట దాకా పోరు. కుండీలో పెంచాలనుకునేవాళ్లు మొట్టమొదట చదవాల్సింది దాన్నే. ఇన్‌డిటర్మినేట్ రకం బతికున్నన్నాళ్లూ పైకి పోతూనే ఉంటుంది. ఆరడుగులు దాటినా ఆగదు. పొడవాటి కర్రలు, తీగలు అడుగుతుంది, బాల్కనీ రెయిలింగు దాటి బట్టల దండెం మీదికి పాకుతుంది. డిటర్మినేట్ రకం రెండు మూడడుగులు పెరుగుతుంది, కొమ్మ చివర పూలగుత్తి వేస్తుంది, అక్కడితో ఆ కొమ్మ ఎదుగుదల ముగుస్తుంది. మిద్దె మీదికైనా, అపార్ట్‌మెంటు బాల్కనీలోకైనా మనకు కావలసింది ఈ పొట్టి మొక్కే.

ఈ పొట్టిదనం మనుషులు కనిపెట్టింది కాదు. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో మామూలు టమాటాల మధ్య దానంతటదే పుట్టిన ఒక మార్పు. కొమ్మ ఎప్పుడు ఆగాలో మొక్కే తేల్చుకునేలా చేసే ఆ జన్యువుకు తర్వాత సెల్ఫ్ ప్రూనింగ్ అని పేరు పెట్టారు. అది పెద్ద ఎత్తున పనికొచ్చింది 1960ల్లో, కాలిఫోర్నియా పొలాల్లో. డేవిస్‌లోని విశ్వవిద్యాలయంలో జాక్ హానా యంత్రం కోతకు తట్టుకునే టమాటా రకాలను తయారుచేస్తుంటే, అక్కడే కోబీ లొరెంజెన్ ఆ కోత యంత్రాన్ని రూపొందించారు. యంత్రం చేలో ఒక్కసారే తిరుగుతుంది. కాబట్టి మొక్క పొట్టిగా ఉండాలి, కాయలన్నీ ఇంచుమించు ఒకే సమయంలో పండాలి. మన కుండీలోని మొక్కలోనూ ఈ రెండు గుణాలే ఉన్నాయి. ఇది తెలిస్తే ఎందుకు ఒకే నెలలో బుట్టలకొద్దీ కాసి ఆగిపోయిందో అర్థమవుతుంది, మొక్క చచ్చిపోతోందని కంగారు పడక్కర్లేదు.

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి కూడా ఇందులోంచే వస్తుంది. పొడుగు టమాటాకు నష్టం పూడ్చుకునే వ్యవధి ఉంటుంది. ఒక నెల నీళ్లు సరిగా అందకపోయినా, తర్వాత బాగా చూస్తే పైన కొత్త కొమ్మ వేసి, కొత్త గుత్తులు పెట్టి కోలుకుంటుంది. పొట్టి మొక్కకు ఆ వెసులుబాటు లేదు. కుండీలో నాటిన రోజు నుంచి మొదటి నలభై రోజుల్లో ఎన్ని కొమ్మలు వేసింది, వేళ్లు ఎంత మేర పాకాయి అన్నదాన్ని బట్టే పూత, పూతను బట్టే కాయ. నలభై రోజులు దాటాక ఎన్ని ఎరువులు పోసినా పోయిన కొమ్మ తిరిగి రాదు. మనలో ఎక్కువమంది శ్రద్ధ దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. గింజ వేసిన వారం పొద్దునొకసారి సాయంత్రమొకసారి చూస్తాం. మూడో వారానికి పనుల్లో పడి మరిచిపోతాం. కాయలు కనిపించాక మళ్లీ ఉత్సాహంగా బకెట్టుతో వస్తాం. ఈ పంటకు మాత్రం శ్రద్ధ అంతా ముందే పెట్టాలి. ఆ తర్వాత చేయి ఆపుకోవాలి. రెండోది మొదటిదానికంటే కష్టం.

పొట్లంలో ఏముంది

ఎఫ్1 హైబ్రిడ్ అంటే రెండు వేరువేరు తల్లిదండ్రుల నుంచి ఆ ఒక్క తరానికి తీసిన విత్తనం. టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, దానంతటదే గర్భం ధరిస్తుంది. కాబట్టి హైబ్రిడ్ కావాలంటే పువ్వు విచ్చకముందే పుప్పొడి తిత్తుల్ని చేత్తో తీసేసి, మర్నాడు వేరే మొక్క పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. కర్ణాటకలోని రాణెబెన్నూరు ప్రాంతం ఈ పనికి పేరుపడ్డది. అక్కడి ఆడవాళ్లు ఒక్కొక్క పువ్వునూ పట్టకారుతో విప్పి చేసే పని వల్లే ఆ విత్తనానికి అంత ధర. ఈసారి గింజ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ శ్రమ గుర్తుకు రావాలని నా కోరిక.

పండిన హైబ్రిడ్ కాయలోంచి గింజలు తీసి మళ్లీ వేస్తే మొలుస్తాయి. కానీ మొక్కలన్నీ ఒకేలా ఉండవు. కొన్ని పొడుగు పోవచ్చు, కొన్ని చిన్నకాయలు కాయవచ్చు, తెగుళ్లను తట్టుకునే శక్తి కొన్నిటికే దక్కుతుంది. ప్రయోగంగా చేస్తే సంతోషమే, ఇంటి కూరకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. గింజ దాచుకోవడమే ముఖ్యం అనుకునేవాళ్లు హైబ్రిడ్ కాని సూటి రకాల వైపు వెళ్లాలి. తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 పొట్టిది, మన పొలాలకూ బాగా అలవాటైంది, దాని గింజ దాచుకోవచ్చు.

బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా రక్షక్ అనే హైబ్రిడ్‌ను ఇంటి పెంపకానికి చాలామంది ఇష్టపడతారు. ఆకుముడత వైరస్, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా దాన్ని రూపొందించారు. కాయ 90 నుంచి 100 గ్రాములు తూగుతుంది. అయితే అది పూర్తి పొట్టి రకం కాదు, నడిమి తరహా. నడుమెత్తు దాకా వస్తుంది, ఊతకర్ర తప్పనిసరి. మిద్దె ఉన్నవాళ్లకు అది మంచి ఎంపిక. బాల్కనీ గోడ మీద చిన్న కుండీలే పడతాయంటే చెర్రీ టమాటాల్లో మరీ పొట్టి రకాలు వెతుక్కోవాలి. అవి అడుగు, అడుగున్నర మించవు, నాలుగైదు లీటర్ల కుండీలోనే కాస్తాయి. కొనేటప్పుడు ఇంకొక్క మాట. రైతుల కోసం అమ్మే 10 గ్రాముల పొట్లంలో దాదాపు మూడువేల గింజలుంటాయి. ఇంటికి ఆరు మొక్కలు చాలు. నలుగురు కలిసి ఒక పొట్లం తీసుకుని పంచుకోండి. గింజకు గులాబీ రంగో నీలం రంగో పూత ఉంటే అది మందు, పిల్లలకు అందనివ్వకండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

కాలం, ఎండ

టమాటా చల్లని రాత్రులను కోరుకుంటుంది. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పిందె బాగా కడుతుంది. పగలు 35 దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే పుప్పొడి దెబ్బతిని పూలు రాలిపోతాయి. కాయ కట్టినా ఎండాకాలంలో అది ఎర్రగా పండదు. ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు బాగా దాటితే సరిగా తయారు కాదు, కాయ పసుపూ నారింజా కలిసిన రంగు దగ్గరే ఆగిపోతుంది. అందుకే మన దగ్గర ఇంటి టమాటాకు చలికాలమే అసలు కాలం. ఆగస్టు చివర నుంచి అక్టోబరు మొదటి వారం లోపు నారు పోయండి. తెలంగాణ, రాయలసీమల్లో కాస్త ముందే మొదలుపెట్టొచ్చు. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాను వానలున్నాయి కాబట్టి కుండీలు చూరు కిందికి జరుపుకునే వీలుండాలి. న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లకు లెక్క తిరగబడుతుంది. ఇంట్లో నారు పెంచి, చివరి మంచు పోయాక మే నెలలో బయట నాటాలి.

ఎండ కనీసం ఆరు గంటలు పడాలి. ఇంతకంటే తక్కువైతే ఆకు వస్తుంది, కాయ రాదు. దక్షిణం బాల్కనీ ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక మంచి సంగతి. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వంగి నడుస్తాడు కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ బాల్కనీలో ఎండ లోపలి దాకా పరుచుకుంటుంది. టమాటాకు కావలసిన నెలలూ అవే. ఉత్తరం బాల్కనీలో ఆ నెలల్లో ఎండ పడదు. అక్కడ టమాటా పెట్టి నిరాశపడేకన్నా పుదీనా, కరివేపాకు పెంచుకోవడం మేలు. గింజలు వేసే ముందు ఒక సెలవురోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ ఎండ ఎక్కడుందో సుద్దముక్కతో గీసి చూసుకోండి. ఈ ఒక్క పని మీ సీజన్‌ను కాపాడుతుంది.

కుండీ, మట్టి

పొట్టి మొక్క కదా అని చిన్న కుండీ పెడితే నలభై రోజుల లెక్క అక్కడే తప్పుతుంది. పైన కొమ్మలు ఎన్నో, కింద వేళ్లకు అంత చోటు కావాలి. మరీ పొట్టి చెర్రీ రకాలను మినహాయిస్తే 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు కనీసం. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు సరిగ్గా సరిపోతుంది. శుభ్రంగా కడిగి, అడుగున వేలు పట్టే ఆరేడు కన్నాలు పెట్టండి. తడిమట్టితో నిండిన అలాంటి బకెట్టు 25 కిలోలు దాటుతుంది. కాబట్టి వరసగా పెట్టేటప్పుడు శ్లాబు నడుమన కాకుండా గోడల వెంట, దూలాల మీద పెట్టండి. కింద రెండిటుకలు పెడితే నీరు నిలవదు, శ్లాబు నెమ్మెక్కదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తన ఇంటిపైన కూరగాయలు పండించి, మిద్దె తోట అన్న మాటను తెలుగిళ్లలోకి తెచ్చిన తర్వాత ఈ పని మనకు కొత్త కాదు. పైన మట్టి మోసే ముందు ఇంటి బలం చూసుకోవడం మాత్రం ఎవరికి వాళ్లే చేసుకోవాలి.

మట్టికి నాకు నచ్చిన పాళ్లు ఇవి. ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ ఒక వంతు, వానపాముల ఎరువో బాగా చివికిన పశువుల ఎరువో ఒక వంతు. కుండీకి రెండు గుప్పెళ్లు వేపపిండి. నల్లరేగడి కుండీకి వద్దు, ఎండితే బిగుసుకుపోయి వేళ్లను తెంచుతుంది. కోకోపీట్ దిమ్మను నానబెట్టాక రెండుసార్లు మంచినీళ్లతో కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. పచ్చిపేడ వేడి పుట్టిస్తుంది, అది ఎప్పుడూ వేయకండి. ట్రైకోడెర్మా పొడి దొరికితే పొట్లం మీది మోతాదులో ఎరువుతో కలిపి, తడి చల్లి, గోనెసంచి కప్పి వారం నీడన ఉంచి అప్పుడు మట్టిలో కలపండి. నారుకుళ్లు, ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రాల మీద అది పనిచేస్తుంది.

నారు

కాగితపు టీ కప్పుల అడుగున కన్నం పెట్టి, కోకోపీట్, ఎరువు సగం సగం నింపి, కప్పుకు ఒక గింజ చొప్పున అర సెంటీమీటరు లోతులో వేయండి. అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలుస్తుంది. మొలక కనిపించిన రోజే వెలుతురులోకి తేవాలి. ఒక్క రోజు చీకట్లో ఉన్నా కాడ సాగి, తర్వాత నిలబడలేదు. నీళ్లు పైనుంచి పోయకుండా, కప్పుల్ని ఒక పళ్లెంలో పెట్టి కిందనుంచి తాగనిస్తే మొదలు దగ్గర కుళ్లు రాదు. నాలుగైదు ఆకులతో 25 రోజుల నారు నాటడానికి సిద్ధం.

నర్సరీ నుంచి నారు తెచ్చుకుంటే మాత్రం నా మాట ఒకటి వినండి. ట్రేలోనే మొగ్గ వేసిన మొక్క చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అది కొనకండి. పొట్టి రకంలో ముదిరిన నారు అంటే తన ఎదుగుదల కాలంలో కొంత ఇరుకు గుంటలోనే ఖర్చు చేసుకున్న మొక్క. ఎంత పెద్ద కుండీలోకి మార్చినా అది గిడసబారే ఉంటుంది. మొగ్గ లేనిది, కాడ పెన్సిలంత లావు లేకపోయినా గట్టిగా ఉన్నది, ఆకు అడుగున తెల్లదోమ లేనిది చూసుకోండి.

ఆ నలభై రోజులు

నాటడం సాయంత్రం పూట. కింది రెండాకులు తుంచేసి, కాడను పైఆకుల దాకా లోతుగా మట్టిలో దించండి. టమాటా కాడ మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. ఇంత మేలు ఇంత సులువుగా దొరికే పని ఈ పంటలో మరొకటి లేదు. ఊతకర్ర కూడా ఆ రోజే పాతాలి. మొక్క వాలాక చూద్దాం అనుకుంటే అప్పటికి వేళ్లు కుండీ నిండా ఉంటాయి, కర్ర దించినప్పుడల్లా కొన్ని తెగుతాయి. పొట్టి మొక్కకు కర్ర ఎందుకు అంటారా, రెండు కిలోల కాయ మోయాలి కదా.

మూడు రోజులు కాస్త నీడ పట్టున ఉంచి తర్వాత పూర్తి ఎండలోకి తీసుకురండి. ఇక ఇక్కడి నుంచి రోజూ ఒకే వేళకు పది నిమిషాలు ఈ మొక్కలకు రాసిచ్చేయండి. పొద్దున కాఫీ వేళ అయితే మంచిది. ఆ పది నిమిషాల్లో చేసే పని చాలా తక్కువ, చూడటమే ఎక్కువ. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే నీళ్లు వద్దు. పొడిగా ఉంటే కుండీ అడుగు కన్నాల్లోంచి కాస్త బయటికొచ్చేదాకా పోయండి. రోజుకో చెంబెడు పైపైన చల్లితే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి. మట్టి మీద ఎండుటాకులో, కొబ్బరి పీచో రెండంగుళాలు కప్పండి. తేమ నిలకడగా ఉంటుంది, వాన చినుకులకు మట్టి ఎగిరి కింది ఆకులకు అంటదు. ఆకుమాడు తెగులు ఎక్కువగా ఆ మట్టి చుక్కలతోనే పైకి పాకుతుంది.

నాటిన 15 రోజులకు గుప్పెడు వానపాముల ఎరువు మొదలుకు దూరంగా చల్లి కలపండి. మరో 15 రోజులకు ఇంకో గుప్పెడు. జీవామృతం చేసుకునే అలవాటుంటే పదింతల నీళ్లు కలిపి పోయొచ్చు. యూరియా జోలికి పోకండి. మొక్క ముదురాకుపచ్చగా, గుబురుగా, ఎంతో ఆరోగ్యంగా కనిపిస్తుంది, పూత మాత్రం వెనకపడుతుంది. పొట్టి మొక్కలో వెనకపడటమంటే పోవడమే.

నాలుగో వారానికి పూత మొదలవుతుంది. టమాటా పుప్పొడి గొట్టం లాంటి తిత్తిలో ఉంటుంది, కుదిపితేనే రాలుతుంది. పొలాల్లో ఆ పని తుమ్మెదలు రెక్కల అదురుతో చేస్తాయి. తేనెటీగకు ఆ విద్య రాదు. అయిదో అంతస్తు బాల్కనీకి తుమ్మెద రాకపోవచ్చు, నాలుగు వైపులా మూసిన చోట గాలి కూడా తగలదు. పొద్దున పది, పదకొండు గంటల మధ్య పూలగుత్తి వెనక కాడను వేలితో మెల్లగా మీటండి చాలు. పొడిగా ఉన్న రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వాళ్లకివ్వండి. తమ వేలు తగిలిన పువ్వు వారం రోజులకు పిందె కావడం చూసిన పిల్లలకు మొక్కల పాఠం వేరే చెప్పక్కర్లేదు.

ఈ రోజుల్లో ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టుకోండి. గింజ వేసిన తేదీ, నాటిన తేదీ, మొదటి పువ్వు, మొదటి తెల్లదోమ. నాలుగు ముక్కలు చాలు. వచ్చే సంవత్సరం మీ మిద్దెకు, మీ ఎండకు, మీ బోరు నీళ్లకు సరిపోయే పుస్తకం అదే అవుతుంది.

చేయి ఆపుకోవడం

టమాటాకు పిలకలు గిల్లాలని ఎక్కడ చూసినా చెబుతారు. ఆకుకూ కాడకూ మధ్య సందులో వచ్చే చిన్న కొమ్మల్ని తీసేస్తే కాయ పెద్దదవుతుందని సలహా. పొడుగు రకానికి అది నిజం. పొట్టి రకంలో ఆ పిలకల చివరే పూలగుత్తులు వస్తాయి. గిల్లిన ప్రతి పిలకతో మీ కాయల్లో కొన్ని పోయినట్టే. మట్టికి ఆనుతున్న కింది ఆకులు, పసుపు పడ్డ ఆకులు తప్ప మరేదీ తీయకండి. శ్రద్ధగా ఉండేవాళ్లే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు. ఏదో ఒకటి చేస్తేనే ప్రేమ చూపినట్టు అనిపించే మనసుకు ఇది నిజంగా కష్టమైన సాధన.

కాయ అడుగున నల్లటి మచ్చ పడి తోలులా గట్టిపడితే వెంటనే కోడిగుడ్డు పెంకుల పొడి చల్లే అలవాటు ఉంది. ఆ మచ్చ కాయకు సున్నపు ధాతువు అందక వచ్చేదే. కానీ చాలాసార్లు మట్టిలో ఆ ధాతువు ఉంటుంది, దాన్ని కాయ దాకా మోసుకెళ్లే నీరే సమంగా అందదు. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తితే మచ్చ వస్తుంది, కాయ పగులుతుంది. పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అవి అందవు. నీళ్ల వేళ సరిదిద్దుకుంటే తర్వాతి గుత్తి బాగానే వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం చేయి ఆపుకోకూడదు. ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవై, పసుపంచు పట్టి, మొక్క కుదించుకుపోతే అది ఆకుముడత వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. ఒకసారి పట్టాక మందు లేదు. వేపనూనెతో నయమవుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. మొక్కను కవరులో చుట్టి, దోమలు ఎగిరిపోకుండా పీకి బయట పారేయాలి. పెంచిన మొక్కను పీకడానికి చేతులు రావు, నాకు తెలుసు. ఒక్కదాన్ని దాచుకుంటే మిగిలిన అయిదింటికీ వస్తుంది. ఇది రాకుండా చూడటానికే ముందు జాగ్రత్తలన్నీ. నారు దశలో 40 మెష్ నైలాన్ వల కప్పండి, మామూలు దోమతెర కన్నాల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది. పసుపు రంగు జిగురు అట్ట ఒకటి మొక్కల ఎత్తున కట్టండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

కాయతొలిచే పురుగుకు పొలాల్లో పాటించే పద్ధతి ఒకటి ఎంతో అందమైనది. పదహారు వరసల టమాటాకు ఒక వరస బంతి. బంతినారు 40 రోజులది, టమాటా నారు 25 రోజులది ఒకే రోజు నాటితే రెండూ ఒకేసారి పూస్తాయి, తల్లిపురుగు గుడ్లు పెట్టడానికి బంతిపూల వైపు పోతుంది. మిద్దె మీద రెండు బంతి కుండీలు సరిపోతాయి. బంతిగింజలు టమాటాకంటే రెండు వారాలు ముందు వేయాలన్నదే గుర్తుంచుకోవాల్సింది. కోతులు తిరిగే ఊళ్లలో వల కట్టక తప్పదు. దానికి మరో ఉపాయం ఉందని నేను చెప్పలేను.

కోత

నాటిన 60, 70 రోజులకు మొదటి కాయ రంగు తిరుగుతుంది. అడుగున కాస్త గులాబీ కనిపించగానే కోసి ఇంట్లో పెట్టుకోవచ్చు. కాయ తనలో పుట్టే ఇథిలీన్ వాయువుతో తానే పండుతుంది. పక్షులకు, పగుళ్లకు దొరక్కుండా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి టమాటా వాసన చచ్చిపోతుంది. గంపలో, తొడిమ కిందికి పెట్టి నీడన ఉంచండి.

బాగా కుదిరిన మొక్క ఒకటి రెండు కిలోల దాకా ఇస్తుంది, అదీ నెల, నెలన్నరలో. ఆరు మొక్కలూ ఒకేసారి నాటితే ఆ నెలంతా పప్పులో టమాటా, చారులో టమాటా, తర్వాత ఏమీ ఉండదు. రోజువారీ కూర కోసం పెంచేవాళ్లు ఇరవై రోజుల ఎడంతో రెండేసి మొక్కలుగా మూడు విడతలు నారు పోయాలి. ఆగస్టు చివర ఒకటి, సెప్టెంబరు నడుమ ఒకటి, అక్టోబరు మొదట్లో ఒకటి. నిల్వపచ్చడి పెట్టుకునే ఇల్లయితే ఒకేసారి పండటమే మేలు. సంక్రాంతి దాటాక ఎండ ముదురుతుంది, గాలి పొడిగా ఉంటుంది, బుట్టెడు పళ్లు ఒకేసారి చేతికొస్తాయి. ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి ఊరబెట్టి, ఊటలో చింతపండు నానేసి, ముక్కలు గలగల్లాడేదాకా మిద్దె మీదే ఎండబెట్టుకోవచ్చు. కాలిఫోర్నియా యంత్రం కోసం కోరుకున్న గుణం మన జాడీకి ఇంత బాగా పనికొస్తుంది.

డబ్బు లెక్కతో ఈ పని మొదలుపెట్టవద్దని మాత్రం చెబుతాను. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో రెండు వందల దాకా పోయింది, సెప్టెంబరుకల్లా రైతుకు కోతకూలి కూడా రాని ధరకు పడిపోయింది. ఆ రెండో ధరతో మీ కుండీ ఎప్పుడూ పోటీపడలేదు, పడాల్సిన అవసరమూ లేదు. ఆరు మొక్కల్ని కాపాడటానికి పడ్డ పాటు తెలిశాక, ఎకరాలకొద్దీ పండించి ఆ ధరకు ఇచ్చిన మనిషిని చూసే చూపు మారుతుంది. బండి దగ్గర బేరమాడే గొంతు కూడా మారాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఫిబ్రవరి చివర మొక్క ఆకులు పసుపెక్కి, కొమ్మల చివర పచ్చికాయలు కొన్ని మిగులుతాయి. అవి పండవేమోనని చూస్తూ కూర్చోకుండా కోసి పచ్చిటమాటా పచ్చడి చేసుకోండి, మొక్కను వేళ్లతో సహా తీసేయండి. ఆ మట్టిలో వెంటనే వంకాయ, మిరప, బంగాళాదుంప వేయకూడదు. అవన్నీ టమాటా కుటుంబమే, ఒకదాని తెగులు మరొకదానికి అంటుకుంటుంది. గోరుచిక్కుడో, గోంగూరో, తోటకూరో వేసుకోండి. లేదంటే ఏప్రిల్, మే ఎండల్ని వాడుకోండి. మట్టిని మిద్దె మీద పలచగా పరిచి, తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకు ఇటుకలు పెట్టి ఆరు వారాలు వదిలేస్తే లోపలి వేడికి తెగులు శిలీంధ్రాలు, కలుపు గింజలు చాలామటుకు చస్తాయి. జూన్‌లో పట్టా తీసి, కొత్త ఎరువు మూడో వంతు కలిపి, నీడన పోగుపెట్టి ఉంచండి. ఆగస్టులో కప్పులు నింపేనాటికి ఆ మట్టి సిద్ధంగా ఉంటుంది.